దఫ్తరుకెక్కని పశువు: పుంగనూరు ఆవు

1782 డిసెంబరు 7న చిత్తూరుకు చేరువలోని నరసింగరాయనిపేట విడిదిలో నవాబ్ హైదర్ అలీ కన్నుమూశాడు. రెండవ మైసూరు యుద్ధం అప్పటికింకా ముగియలేదు. ఆయన అశ్వదళాన్ని గురించి, శత్రువులను కలవరపెట్టిన రాకెట్లను గురించి చరిత్రకారులు పుటలకొద్దీ వ్రాశారు. కాని ఆ ఫిరంగులను, ధాన్యపు బస్తాలను కనుమలు దాటించి ఆర్కాటు మైదానాలకు దించినవి ఎద్దులు. వాటికీ చరిత్ర మిగిలింది. రాజ్యం వాటిని లెక్క పెట్టుకున్నది గనుక. అదే సీమలో, ఏ రాజ్యపు లెక్కకూ అందకుండా, మరొక పశువు రైతు పంచన బ్రతికింది. అది పుంగనూరు పొట్టి ఆవు.

ముందు లెక్కకెక్కిన పశువు సంగతి. చిక్కదేవరాయ ఒడయరు (1672-1704) కాలంలో మైసూరు మందల పోషణకు 'బెణ్ణె చావడి' అనే శాఖ ఉండేది. బెణ్ణె అంటే కన్నడంలో వెన్న. పేరు వెన్నదే అయినా, ఆ మందలలోని ఎద్దులను హైదర్ అలీ యుద్ధ రవాణాకు విరివిగా వినియోగించాడు. టిప్పు సుల్తాన్ ఆ శాఖకు 'అమృత మహల్' అని పేరు మార్చి, దాని నిర్వహణకు హుకుంనామా జారీ చేశాడు. సంస్కృత పదం ప్రక్కన అరబ్బీ పదాన్ని ఇంత సహజంగా కూర్చోబెట్టిన ఆ పేరు ఒక్కటి చాలు, ఆ దర్బారు భాష ఎటువంటిదో తెలుసుకోవడానికి. 1799లో శ్రీరంగపట్టణం పతనమయ్యాక మందలు ఆంగ్లేయుల వశమైనాయి. వారు 1860లో పొదుపు పేరిట వాటిని అమ్మివేశారు. చేసిన నష్టం తెలిసివచ్చి 1866లో మళ్ళీ కూర్చుకున్నారు. అక్కర పడినది సర్కారుకు, అందుచేత పశువు తిరిగి దొరికింది.

పుంగనూరు ఆవుకు అటువంటి అండ లేదు. హైదర్ బావమరిది మీర్ రజా అలీ ఖాన్ ఏలిన గుర్రంకొండకు దక్షిణాన, కోలారు పీఠభూమి అంచున ఉన్న సంస్థానం పుంగనూరు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు అది ఉత్తర ఆర్కాటులో ఉండేది. వాన నమ్మకం లేని నేల. రాగి, వేరుశనగ, చెరువు క్రింద కాస్త వరి. ఆ నేలలో ఏడాది పొడవునా మేత చూపగల రైతు ఎవడు? కనుకనే అక్కడి ఆవు 70 నుండి 90 సెంటీమీటర్ల ఎత్తు దాటదు. బరువు 115 నుండి 200 కిలోలు. నెలవంక వంటి చిన్న కొమ్ములు, నేలను తాకే తోక. రోజుకు అయిదు కిలోల మేతతో సరిపెట్టుకొని మూడు నుండి అయిదు లీటర్ల పాలిస్తుంది. మామూలు ఆవుపాలలో వెన్న మూడు నాలుగు శాతం కాగా, దీని పాలలో ఎనిమిది శాతం వరకు ఉంటుందని చెబుతారు. దీని కోడె బరువైన రేగడిని దున్నలేదు. తేలిక నేలలో మడకకు, చిన్న బండికి మాత్రం చాలినది. పొట్టితనం ఈ జాతికి లోపం కాదు. కరవు నేల ఇవ్వగల మేతను బట్టి ఏర్పడిన కొలత అది.

ఈ కొలతను ఇరవయ్యో శతాబ్దపు పశుసంవర్ధక విధానం గుర్తించలేదు. దానికి తెలిసిన తూకం లీటరు ఒక్కటే. జెర్సీ, హోల్‌స్టీన్ సంకరం ఊరూరా వ్యాపించింది. ఆ సంకర ఆవులు చిత్తూరు సీమలో ఎందరో సన్నకారు రైతులకు చేతిలో నాలుగు డబ్బులు ఆడేటట్లు చేసిన మాట కాదనరాదు. వారిని తప్పుపట్టడం అన్యాయం. తప్పంతా సంకరం నడిపినవారు మూలజాతి ఆబోతులను ఊరికొకటైనా నిలుపకపోవడంలో ఉంది. ఆబోతు కరవైన చోట జాతి ఒక తరంలోనే చెదిరిపోతుంది. పలమనేరు పశు పరిశోధనా కేంద్రంలో నిలిపిన చిన్న మందే చాలాకాలం దీనికి పెద్ద దిక్కు అయింది. 2005లో తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక ఆ కేంద్రం దాని క్రిందికి వచ్చింది. తిరుపతి దేవస్థానం గోశాల కూడా ఈ జాతిని పోషిస్తున్నది. కర్నాల్‌లోని జాతీయ సంస్థ దీనిని ప్రత్యేక జాతిగా నమోదు చేసింది. 2019 పశుగణనలో వీటి సంఖ్య 13 వేలు దాటింది.

సంఖ్య పెరగడం సంతోషకరమే. అయితే పెంచుతున్నది ఎవరు, ఎందుకు అన్నది అడుగవలసి ఉంది. 2024 సంక్రాంతి సందర్భంగా ప్రధానమంత్రి తన నివాసంలో వీటికి మేత తినిపించిన చిత్రాలు దేశమంతా చూసింది. నగరాల్లోని సంపన్నుల ముంగిళ్ళలో ఇవి ఇప్పుడు ముద్దు పశువులు. ఎంత పొట్టిదైతే అంత వెల. నాడు పొట్టిదని త్రోసివేసిన పశువును నేడు మరింత పొట్టిగా ఎంపిక చేస్తున్నారు. ఎండు చొప్పతో వేసవి గడపగలదా, ఈనిన తరువాత ఎన్ని నెలలు పాడి ఉంటుంది, కోడె కాడి మోయగలదా అని పుంగనూరు రైతు అడిగే ప్రశ్నలు ఆ బేరంలో వినబడవు. రైతు పొలంలోకి ట్రాక్టరు వచ్చింది. ఈ జాతి కోడెను కాడికి కట్టేవారు ఆ సీమలోనే అరుదైపోయారు.