స్వర్ణ వరి పుట్టుపూర్వోత్తరములు

బెంగాలు నాగపూరు రైలు మార్గమున కొలువులకై తెలుగువారు ఖరగ్‌పూరు చేరిన కథ ఇచటి ప్రతి యింట తెలిసినదే. వారి వెనుక చాల కాలమునకు తెలుగునేల నుండి ఒక వరి వంగడము కూడ వచ్చెను. ఊరు దాటిన పిదప కానవచ్చు మేదినీపురపు పొలములలో దానికి ‘స్వర్ణ’ యని పేరు. వంగీయులు ‘షొర్ణొ’ యందురు. తమ సొంత పంటయే యని తలతురు. ఆ తలంపు పూర్తిగా తప్పును కాదు.

మన దేశవాళీ వరి పొడవుగా పెరుగును. ఎరువు హెచ్చినచో నేలకొరగును. జపాను వరి ఎరువును తట్టుకొని నిలుచును గాని, దాని అన్నము జిగురు. 1946లో కటకమున వెలసిన కేంద్ర వరి పరిశోధన సంస్థకు తొలి అధిపతియైన కె. రామయ్య ఈ రెంటిని సంకరము చేయవలెనని సూచించెను. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండతో 1950 దశకమున ఆ పని సాగెను. ఫలము మొదట నిరాశయే. సంకరపు మొక్కలలో తాలు మెండు. వందలకొలది సంకరములలో రైతు చేను చేరినవి వ్రేళ్లపై లెక్కింపదగినవి. అందొకటి మలయాకు పోయి, అచట ఏరబడి, 1965లో ‘మాసూరి’ యయ్యెను. మన వంటిండ్లలోని ‘మసూరి’ అదియే. తెలుగు పేరని భ్రమించువారు నేటికిని కలరు.

మాసూరి బియ్యము రుచియే కాని, పైరు పడిపోవుచుండెను. 1925లో నెలకొన్న పశ్చిమ గోదావరి మారుటేరు పరిశోధన కేంద్రమువారు దానిని, గోదావరి పాయ పేరు గల ‘వసిష్ఠ’తో సంకరము చేసి, 1982లో పొట్టిదగు స్వర్ణను విడుదల చేసిరి. ఎంత విచిత్రము! ఎరువు హెచ్చుగా తినగల వరికై మొదలైన యత్నము, తక్కువ ఎరువుతోనే పండు వరిగా పేరొందెను. పేద రైతునకు కావలసినదదియే. కావుననే విత్తనము రైతు నుండి రైతునకు చేతులు మారుచు వంగదేశమంతట వ్యాపించెను.

అయినను లోతట్టు పొలములలో వరద ముంచినచో స్వర్ణ కుళ్లిపోవుచుండెను. దీనికి మందు ఒరిస్సా పాతవరిలోనే దొరకెను. నీటమునిగియు చావని ఆ వరి గుణమును ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు స్వర్ణలో చేర్చిరి. కటకము మొదలగు తావులలో పరీక్షింపబడి, 2009లో ‘స్వర్ణ సబ్ 1’ రైతులకందెను. రెండు వారములు నీట మునిగినను, వరద తీసిన పిమ్మట అది మరల చిగుర్చును.