సర్కారు బాకీ

జువ్వలదిన్నెలో మా చిన్నమ్మ ఇంట్లో వంటకి బియ్యం తీద్దామని డబ్బా మూత తెరిస్తే లోపల పొడుగాటి కవరొకటి కనిపించింది.

"బియ్యంలో కవరేమిటి చిన్నమ్మా?"

"ఇన్‌కంటాక్సు వాళ్ళది అమ్మణ్ణీ. మీ చిన్నాయన రొయ్యల వ్యాపారం చేశాడు గదా, అప్పటి బాకీ అంట. ఆయన పోయాక వచ్చింది. కళ్ళెదురుగా ఉంటే గుండె దడ. అందుకని అందులో పెట్టా."

"ఎప్పుడొచ్చింది?"

"సంకురాత్రి ముందు."

నేను వెళ్ళింది శ్రావణమాసంలో! నా మొహం చూసి ఆవిడ మెల్లిగా అడిగింది. "నన్ను పట్టుకుపోతారా? గిన్నెలూ చెంబులూ బజార్లో వేస్తారా? ఆయన బాకీకి నా పుట్టింటోళ్ళు పెట్టిన నగలు కూడా పోతాయా?"

బంగాళాఖాతం హోరుని చిన్నప్పటినుంచీ వింటున్న మనిషి. తుఫానుకి భయపడదు, కాగితానికి భయపడింది. నవ్వు రాలేదు నాకు. ఆ భయం ఆవిడ ఒక్కదానిదీ కాదు. తరాలుగా మన ఇళ్ళల్లో పెరిగిన భయం అది.

సర్కారు బాకీ అనగానే తెలుగువాళ్ళకి మొదట గుర్తొచ్చేది రామదాసు. కంచర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారుగా వసూలు చేసిన సొమ్ము భద్రాద్రి గుడికి ఖర్చు పెట్టాడు. తానీషా ఆయన్ని గోల్కొండ కోటలో బంధించాడు. పన్నెండేళ్ళ చెర అని చెప్పుకుంటాం. చివరికి రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షలూ చెల్లించి విడిపించారని కథ. మనం భక్తిలో పడి ఒక సంగతి గమనించం. రాముడంతటివాడు డబ్బు కట్టి ఊరుకోలేదు, రసీదు కూడా రాయించుకున్నాడు!

అందరికీ రాముడు రాడు కదా. 1801లో నెల్లూరు సీమ ఆర్కాటు నవాబు చేతిలోంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. ఆ తర్వాత శిస్తు బాకీపడ్డ రైతు గతి ఏమిటో చెప్పిన కాగితాలున్నాయి. మద్రాసులోని తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి, ఆయన పెట్టిన మద్రాసు నేటివ్ అసోసియేషన్ 1852లో పార్లమెంటుకి అర్జీ పంపారు. మరుసటి ఏడు డాన్బీ సేమూర్ అనే పార్లమెంటు సభ్యుడు ఇక్కడికొచ్చి రైతుల మాట విన్నాడు. 1854లో లండన్లో గొడవ లేచింది. ముగ్గురితో ఒక కమిషన్ వేశారు. దాని పేరే టార్చర్ కమిషన్. 1855లో వాళ్ళు ఇచ్చిన నివేదిక చదువుతుంటే చేతులు వణుకుతాయి. బాకీదారుణ్ణి వంచి, మెడా కాళ్ళూ కలిపి కట్టి ఎండలో ఉంచేవారట. రెండు కర్రలు కలిపి చేసిన చిరతలో వేళ్ళు పెట్టి నొక్కేవారట. ఆడవాళ్ళని కూడా వదల్లేదని రాశారు. అప్పట్లో బాకీ తీర్చింది ఒంటితో.

ఆ నివేదిక వచ్చిన తొమ్మిదేళ్ళకి, 1864లో, మద్రాసు రెవెన్యూ రికవరీ చట్టం వచ్చింది. ముందు నోటీసు, తర్వాత జప్తు, ఆపైన వేలం, ఇలా ఒక వరస ఏర్పడింది. కఠినమే, కానీ ఒంటి మీదనుంచి ఆస్తి మీదకి జరిగింది దెబ్బ.

ఆదాయపు పన్ను వచ్చింది ఈ మధ్యలోనే. 1857 తిరుగుబాటుతో బొక్కసం ఖాళీ అయి, 1860లో జేమ్స్ విల్సన్ దాన్ని తెచ్చాడు. ఏడాదికి 200 రూపాయల లోపు వచ్చేవాళ్ళకి మినహాయింపు. మన మద్రాసు గవర్నరు ట్రెవెల్యన్ ఇది కూడదని రాసి, ఆ రాసింది పత్రికలకిచ్చేశాడు. సీమవాళ్ళు ఆయన్నే వెనక్కి పిలిపించేశారు! 1865లో ఆ పన్ను పోయింది. 1886లో మళ్ళీ వచ్చింది, ఇక పోలేదు.

ఇప్పుడు చిన్నమ్మ ప్రశ్నలకొస్తాను. 1961 ఆదాయపు పన్ను చట్టం రెండో షెడ్యూలులో, బాకీ కోసం ఆడదాన్ని సివిల్ జైల్లో పెట్టరాదని రాసి ఉంది. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ జప్తు చెయ్యకూడదన్న వస్తువుల్నే అదీ వదిలిపెట్టింది. అవేమిటో తెలుసా? ఒంటిమీది బట్టలు, వంటపాత్రలు, పడకలు, ఆచారం ప్రకారం ఆడది తియ్యకూడని నగ. మంగళసూత్రానికి పేరు పెట్టకుండానే కంచె వేశారన్నమాట. పోయినవాడి బాకీకి వారసులు బాధ్యులే, కానీ ఆయన వదిలివెళ్ళిన ఆస్తి మేరకే. పుట్టింటి నగలు ఆయన ఆస్తి కావు. అలాగని మగవాళ్ళు తెలివికిపోయి ఇల్లు పెళ్ళాం పేర రాసేస్తే లాభం లేదు. తగిన సొమ్ము పుచ్చుకోకుండా 1973 జూన్ 1 తర్వాత భార్యకో కోడలికో రాసిచ్చిన ఆస్తిని బాకీదారు ఆస్తిగానే ఆ చట్టం లెక్కవేసింది.

మరి తీర్చే దారులు? ముందు లెక్క తప్పేమో చూడాలి, తప్పైతే సరిదిద్దమని అర్జీ. ఒప్పుకోలేకపోతే 30 రోజుల్లో అప్పీలు. 2017లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, తగాదా సొమ్ములో మామూలుగా 20 శాతం కట్టి, అప్పీలు తేలేదాకా మిగతాది ఆపమని అడగవచ్చు. బాకీ నిజమై చేతిలో డబ్బు లేకపోతే, గడువు దాటకముందే వాయిదాలు కోరాలి. నిజంగా కష్టంలో ఉండి, తన చేతిలో లేని కారణంవల్ల ఆలస్యమై, విచారణకి సహకరించినవాళ్ళకి వడ్డీ తగ్గించే వీలూ పెట్టారు. ఇవి కాక 1998లో, 2020లో, 2024లో తగాదాల పరిష్కార పథకాలు పెట్టారు. అవి కొన్నాళ్ళే తెరిచే తలుపులు. 2025లో పార్లమెంటు, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా కొత్త చట్టం చేసింది. కనక సెక్షన్ల నంబర్లు బట్టీపట్టకండి, దారులున్నాయని గుర్తుంచుకోండి చాలు.

దారి లేనిదల్లా బియ్యం డబ్బాకే. నోటీసు అందిన 30 రోజుల తర్వాత నెలకి నూటికి రూపాయి చొప్పున వడ్డీ నడుస్తుంది. లక్ష బాకీ అయితే నెలకి వెయ్యి. పూర్వం భయపెట్టి వసూలు చేశారు. ఇప్పుడు మనం మనలో మనమే భయపడి అదనంగా కడుతున్నాం.

చిన్నమ్మని తీసుకుని కావలిలో ఒక ఆడిటరు దగ్గరికి వెళ్ళాం. చిన్నాయన మరణ ధృవపత్రం జతచేసి జవాబు రాయించాం. వాయిదాల గడువు దాటిపోయింది కనక బతిమాలుకోవాల్సి వచ్చింది, వడ్డీ పడింది. అయినా విడతలుగా కట్టుకోమన్నారు. బస్సులో ఆవిడ కిటికీలోంచి చూస్తూ, "ఈ మాట ముందే ఎవురన్నా చెప్పుంటే ఎనిమిది నెలలు నిద్ర పట్టేది గదమ్మా" అంది.

మొదటి విడత రసీదు మాత్రం బియ్యం డబ్బాలో పెట్టలేదు. దేవుడి గూట్లో, రాములవారి పటం వెనక పెట్టింది.