పసిబిడ్డ పోతే: దీన్ ఏం చెబుతోంది, ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

"నేనేం గునా చేశానని అల్లాహ్ నా బిడ్డను తీసుకున్నాడు?" నంద్యాలలోనైనా, ఆళ్లగడ్డలోనైనా, శ్రీశైలం కొండమీదైనా బిడ్డను పోగొట్టుకున్న తల్లిని తొలిచే ప్రశ్న ఇదే. పైగా "సబర్ చెయ్, ఏడవకూడదు" అని చుట్టాలు నోరు మూయిస్తారు.

ఏడవడం గునా కాదు

ప్రవక్త (స) కొడుకులు ఖాసిం, అబ్దుల్లాహ్ చిన్నతనంలోనే పోయారు. హిజ్రీ 10లో ఇబ్రాహీం సుమారు ఏడాదిన్నర వయసులో మదీనాలో కన్నుమూశారు. ప్రవక్త (స) కన్నీళ్లు పెట్టుకున్నారు. అది దయ అని సహాబాకు చెప్పారు. అదే రోజు సూర్యగ్రహణం పట్టింది. బిడ్డ పోయినందుకే అని జనం అనుకుంటే, ఎవరి చావుకూ గ్రహణం పట్టదని ఖండించారు. చెంపలు బాదుకోవడం, బట్టలు చించుకోవడం వంటివి వద్దన్నారు. ప్రవక్త ఇంట్లోనే జరిగినదాన్ని తల్లికి పడిన శిక్ష అని ఎలా అంటాం? దిష్టి అనీ, కోడలి పాదం అనీ నిందించడం అసలే తగదు.

దఫన్ ఎలా?

మన వైపు ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో, పుట్టాక ఏడ్చినా, కదిలినా పేరు పెట్టి, గుసుల్, కఫన్, జనాజా నమాజ్ అన్నీ చేయాలి. అవయవాలు ఏర్పడి చనిపోయి పుడితే స్నానం చేయించి, పేరు పెట్టి, గుడ్డలో చుట్టి నమాజ్ లేకుండా దఫన్ చేస్తారు. నాలుగు నెలలు నిండితే నమాజ్ ఉందని హంబలీలు అంటారు. మీ మసీదు ఆలిమ్‌ని అడగండి. పసిబిడ్డలను పూడ్చడమే మన హిందూ ఇరుగుపొరుగులోనూ ఆనవాయితీ.

తల్లి సంగతి

అవయవాలు ఏర్పడ్డాక గర్భం పోతే వచ్చే రక్తం నిఫాసే. హనఫీలో గరిష్ఠంగా 40 రోజులు. అప్పటి నమాజులు మాఫ్, రంజాన్ రోజాలు తర్వాత తీర్చుకోవాలి.

కాగితాలు

పుట్టి చనిపోతే జననం, మరణం రెండూ, చనిపోయి పుట్టినా సరే, 21 రోజుల్లో రిజిస్టర్ చేయించాలి. ప్రసూతి ప్రయోజనాల చట్టం వర్తించే ఉద్యోగినికి గర్భస్రావమైతే ఆరు వారాల జీతంతో సెలవు ఉంది.

బిడ్డ పోయినప్పుడు అల్లాహ్‌ను స్తుతించిన దాసుడికి జన్నత్‌లో ఇల్లు కడతారని తిర్మిజీ హదీసు. అయితే ఆ మాట మొదటిరోజే తల్లి నోట రావాలని ఒత్తిడి పెట్టకండి. పక్కన కూర్చోండి, అన్నం పెట్టండి, బిడ్డ పేరు పలకండి. వారాలు గడిచినా నిద్ర, తిండి లేకపోతే డాక్టర్‌కి చూపించండి. 14416 టెలీ మానస్‌కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. సాయం అడిగితే ఈమాన్ తగ్గదు.