బొంబాయి మిల్లుల్లో పనిభారం

బొంబాయి బట్టల మిల్లుల్లో పనిభారాన్ని మొదట్లో గంటల్లోనే లెక్కపెట్టేవారు. విద్యుద్దీపాలు రాకముందు పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకే దాకా పని. దీపాలు వచ్చాక కొన్ని మిల్లులు రోజుకు 14 గంటలు కూడా నడిచాయి. 1911 ఫ్యాక్టరీల చట్టం బట్టల మిల్లుల్లో మగవారికి 12 గంటల హద్దు పెట్టింది. 1922లో అది 11 గంటలకు, వారానికి 60 గంటలకు దిగింది.

గంటలకు కళ్లెం పడ్డాక భారం మరో దారిన వచ్చింది. నేతగాడు సాధారణంగా రెండు మగ్గాలు చూసేవాడు. తెగిన పడుగు పోగును ముడివేయాలి, నాడెలో కండె అయిపోగానే మార్చాలి. పత్తి నాసిరకమైతే పోగులు మరీ తెగుతాయి. 1920ల చివర్లో కొన్ని మిల్లుల యజమానులు మనిషికి మూడు మగ్గాలు అప్పగించారు; నూలు వడికేవారికీ ఇలాగే పని పెంచారు. ఉన్న కొలువులు ఊడతాయన్నదే కార్మికుల అసలు భయం, అది ఉత్తుత్తి భయమేమీ కాదు. ఈ పని పెంపును కూడా ఎదిరిస్తూ 1928 ఏప్రిల్‌లో మొదలైన సార్వత్రిక సమ్మె అక్టోబరు దాకా సాగింది.

1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలు, రోజుకు 9 గంటలని తేల్చింది. మనిషికెన్ని మగ్గాలన్నది మాత్రం ఒప్పందాలకూ ట్రిబ్యునళ్లకూ వదిలేసింది.