ఆ రక్షణ ఎవరిచ్చింది? ఆ చౌక ఎక్కడిది?

దేశం విడిచి వెళ్ళినవాడిని గురించి మన అభ్యుదయ శిబిరంలో రెండు అభిప్రాయాలు చాలాకాలంగా వున్నవి. పోరాటరంగం వదిలి పారిపోయినవాడని కొందరంటారు. నిరంకుశత్వానికి తలవంచక ప్రవాసాన్ని వరించిన ధీరుడని మరికొందరంటారు. ఈ రెండు మాటలూ వెళ్ళినవాడి గుండెధైర్యాన్ని తూచేవే. అతడు చేరిన దేశాన్ని గురించి ఒక్క ముక్కా చెప్పవు. అక్కడ అతనికి ఆశ్రయం ఎందుకు దొరికింది? అక్కడి తిండీ, ఇంటి అద్దే అతనికి ఎందుకు చౌక అయినవి? ఈ ప్రశ్నలు వేయకుండా రాసిన ప్రవాస చరిత్ర సగం చరిత్రే అవుతుందని నా అభిప్రాయం.

ఈ ప్రశ్నలను ఒక నిర్దిష్టమైన ఉదాహరణమీద పరీక్షించదలచుకున్నాను. 1950 మొదలు పదేళ్ళకు పైగా మెక్సికోలో తలదాచుకున్న అమెరికన్ వామపక్ష రచయితలూ, కళాకారులూ ఆ ఉదాహరణ. చరిత్ర పాఠాలు చెప్పేవాడిగా దీన్ని ఎన్నుకోవడానికి నాకు కారణమున్నది. వలస అనగానే మన విద్యార్థులకు బీదదేశంనుంచి ధనికదేశానికి సాగే ప్రయాణమే స్ఫురిస్తుంది. మన కోస్తా జిల్లాలనుంచి రంగూన్ రేవుకు కూలికి పోయినవారి కథ అటువంటిదే. నేటి యువకుల అమెరికా ప్రయాణాల సంగతి సరేసరి. ఇక్కడ ప్రయాణపు దిశ తలక్రిందులయింది. ప్రపంచంలోకెల్లా సంపన్నమైన దేశంనుంచి, సినిమా రాజధానినుంచి, పేరుమోసిన రచయితలు పెట్టేబేడా సర్దుకుని, భార్యాబిడ్డలతో పొరుగున వున్న పేదదేశానికి చేరారు. భద్రత కోసమూ చేరారు, చేతిలో వున్న నాలుగు డాలర్లతో నెట్టుకురావడం కోసమూ చేరారు.

వారు వెళ్ళవలసివచ్చిన పరిస్థితులు మన పాఠకులకు కొంత తెలిసినవే. 1947 అక్టోబరులో అమెరికన్ కాంగ్రెసుకు చెందిన ‘అమెరికన్ వ్యతిరేక కార్యకలాపాల’ విచారణసంఘం హాలీవుడ్ రచయితలనూ, దర్శకులనూ బోనెక్కించింది. నీవు కమ్యూనిస్టువా, కాదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పమని పదిమంది ఎదురుతిరిగారు. ఆ నవంబరులోనే స్టూడియోల యజమానులు సమావేశమై, కమ్యూనిస్టులకు పని యివ్వబోమని ప్రకటించారు. కాంగ్రెసును ధిక్కరించిన నేరంపై ఆ పదిమందీ 1950లో జైళ్ళకు వెళ్ళారు. 1951లో విచారణలు మళ్ళీ మొదలైనవి. పిలుపు అందుకున్నవాడికి మిగిలిన దారులు మూడు: స్నేహితుల పేర్లు చెప్పి ఉద్యోగం నిలుపుకోవడం, నోరు మూసుకుని ఉద్యోగం పోగొట్టుకోవడం, సమన్లు పట్టుకువచ్చేవాడికి దొరక్కుండా పోవడం.

ఎక్కడికని పోతారు? వామపక్షీయులకు ప్రభుత్వం పాస్‌పోర్టులు నిరాకరిస్తున్న రోజులవి. మహాగాయకుడు పాల్ రాబ్సన్ పాస్‌పోర్టును 1950లో రద్దుచేసి 1958 దాకా తిరిగి యివ్వలేదు. మెక్సికో వెళ్ళడానికి మాత్రం అమెరికన్ పౌరుడికి పాస్‌పోర్టు అక్కరలేదు. యాత్రికుల కార్డు చాలు. ఆ విధంగా గార్డన్ కాన్, ఆల్బర్ట్ మాల్ట్జ్, హ్యూగో బట్లర్, ఆయన భార్య జీన్ రూవరోల్ సరిహద్దు దాటారు. జైలునుంచి వచ్చిన డాల్టన్ ట్రంబో 1951 చివర భార్యనూ, ముగ్గురు బిడ్డలనూ వెంటబెట్టుకుని, బట్లర్ కుటుంబంతో కలిసి మెక్సికో నగరం చేరాడు.

ట్రంబో లెక్క ఒక్కటి చూస్తే చాలు. నిషేధానికి పూర్వం ఆయన జీతం వారానికి 3000 డాలర్లు. నిషేధం వచ్చిన తర్వాత వేరొకరి పేరుతో రాసిన ఒక చిత్రకథకు ముట్టింది మొత్తం 3750 డాలర్లు. ఇటువంటివాడికి ఇల్లూ, వంటమనిషీ, పిల్లల చదువూ చౌకగా దొరికే దేశం కావాలి. మెక్సికోలో అవి దొరికినవి.

ఎందుకు దొరికినవి? ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. 1948కి పూర్వం ఒక డాలరుకు 4.85 పేసోలు వచ్చేవి. ఆ సంవత్సరం పేసో విలువ పడిపోయింది, 1949లో 8.65 వద్ద స్థిరపరచారు. 1954 ఏప్రిల్‌లో మళ్ళీ దించి 12.50 చేశారు. డాలరు చేతిలో వున్నవాడు ఏ శ్రమా చేయకుండానే ఆరేళ్ళలో రెండున్నర రెట్లు పేసోలు లెక్కపెట్టుకోగలిగాడు. మెక్సికన్ కార్మికుడికి కలిగింది దీనికి సరిగ్గా విపర్యయం. 1940 దశకమంతా ధరలు పెరిగినవి, వాటి వెంట కూలి పెరగలేదు; నిజవేతనం పడిపోయింది. మిగేల్ అలెమాన్ ప్రభుత్వం పరిశ్రమలు పెంచుతానన్నది. పెంచింది కూడా. అయితే ఆ పెరుగుదలకు కావలసిన మూలధనం కార్మికుడి కంచంలోంచి తీసింది. కార్మికుడు అడగకుండా వుండడానికి సంఘాల నోరు కట్టింది. 1948లో రైల్వే కార్మికసంఘంమీద పోలీసు బలంతో తనకు నచ్చిన నాయకుడిని కూర్చోబెట్టింది. గుర్రపు రౌతుల వేషమంటే అతనికి సరదా గనుక జనం అతణ్ణి ‘చార్రో’ అనేవారు. నాటినుంచీ అక్కడ అమ్ముడుపోయిన కార్మికనాయకుడికి ఆ మాటే పేరయింది.

ట్రంబో కుటుంబం వచ్చిన ఆ 1951లోనే, వారు రావడానికి కొన్ని నెలల ముందు, కోవవీలా రాష్ట్రంలోని న్వేవా రోసీతానుంచి వేలాది గనికార్మికులు ఆలుబిడ్డలతో మెక్సికో నగరానికి కాలినడకన బయలుదేరారు. వారి గనులు అమెరికన్ కంపెనీవి. నడిచిన దూరం సుమారు 1400 కిలోమీటర్లు. ఆ యాత్రను జనం ‘ఆకలి యాత్ర’ అన్నారు. జనవరిలో బయలుదేరి మార్చిలో రాజధాని చేరితే, అధ్యక్షుడు వారి గోడు ఆలకించలేదు. చివరకు రైలెక్కించి తిరిగి పంపించివేశారు. అటువంటి కార్మికుల ఓటమి ఆ దేశంలో కూలిని కిందకు అదిమి వుంచింది. ఆ సంవత్సరం రాజధానిలో ఇంటిపనికి కుదిరిన ఒక వంటమనిషి జీతం ఎందుకు తక్కువో తెలుసుకోవాలంటే ఆ గనికార్మికుల నడకను కూడా లెక్కలోకి తీసుకోవాలి. చౌక అన్నది ఒక దేశపు గాలిలోనో, నీటిలోనో వుండే గుణం కాదు. ఎవరి శ్రమకో తక్కువ ధర కట్టగా మిగిలినది.

ఇక రక్షణ సంగతి. ఇది కూడా మెక్సికో పాలకుల మంచితనంవల్ల ఆకాశంనుంచి ఊడిపడలేదు. 1910లో ప్రారంభమైన విప్లవంలో లక్షలాది రైతుకూలీల రక్తం ధారపోసి ఆ దేశం సంపాదించుకున్న సంప్రదాయమది. 1917లో న్యూయార్కులో అరెస్టయిన మన యం. యన్. రాయ్ తప్పించుకుని పోయింది అక్కడికే; 1919లో అక్కడి కమ్యూనిస్టు పార్టీ స్థాపకుల్లో ఒకడయింది అక్కడే. లాసారో కార్దెనాస్ అధ్యక్షుడుగా వున్న కాలంలో, 1938 మార్చిలో, విదేశీ కంపెనీల చమురు బావులు జాతీయం చేశారు. స్పెయిన్‌లో ఫ్రాంకో గెలిచినప్పుడు సుమారు 20 వేలమంది రిపబ్లికన్ శరణార్థులకు తలుపులు తెరిచారు. హిట్లర్ జర్మనీనుంచి తరిమివేయబడిన నవలాకారిణి ఆనా సెగెర్స్ 1941నుంచి 1947 దాకా తలదాచుకున్నదీ అక్కడే.

కాని 1950 నాటికి ఆ విప్లవ వారసత్వం పాలకుల ఉపన్యాసాలకు అలంకారమయింది. 1947లో ఏర్పాటైన రహస్య పోలీసుశాఖ అమెరికన్ గూఢచారులతో చేతులు కలిపింది. 1950 ఆగస్టులో మార్టన్ సోబెల్‌ను మెక్సికో నగరంలో బలవంతంగా పట్టి, కారులో తీసుకుపోయి సరిహద్దున అమెరికన్ పోలీసులకు అప్పగించారు. 1951 అక్టోబరులో అమెరికన్ కమ్యూనిస్టు నాయకుడు గస్ హాల్‌కూ అదే గతి పట్టింది. రాజ్యాంగంలోని 33వ అధికరణం, దేశ రాజకీయాల్లో విదేశీయులు జోక్యం చేసుకోరాదని శాసిస్తున్నది. ఇష్టంలేని విదేశీయుణ్ణి వెళ్ళగొట్టే అధికారాన్ని అధ్యక్షుడికిచ్చింది. ఆ కత్తి నెత్తిన వేలాడుతుండగా ప్రవాసులు బ్రతికారు.

అయినప్పటికీ విదేశీయుడికి వున్నపాటి రక్షణ సొంత పౌరుడికి లేకపోయింది. 1959 రైల్వే సమ్మెను సైన్యంతో అణచి, నాయకుడు దెమేత్రియో వయేహోను 1970 దాకా జైల్లో వుంచారు. చిత్రకారుడు సికేరోస్ 1960నుంచి 1964 వరకు ఖైదులో వున్నాడు. తన దేశపు కమ్యూనిస్టును జైల్లోపెట్టి పరదేశపు కమ్యూనిస్టును వీధుల్లో తిరగనిచ్చే ప్రభుత్వాన్ని మనం ఏమనాలి? ఆశ్రయదాత అనాలా? అతిథి తన యింటి కూలీలతో మాటకలపనంత వరకే మర్యాద చేసే భూస్వామి అనాలా?

ఈ కథకు రెండోవైపు కూడా వున్నది. రచయితలు దక్షిణానికి వస్తున్న ఆ సంవత్సరాల్లోనే మెక్సికన్ పేదరైతులు అదే సరిహద్దు దాటి ఉత్తరానికి పోతున్నారు. 1942నుంచి 1964 దాకా ఉభయ ప్రభుత్వాల ఒప్పందంతో ‘బ్రాసేరో’ అనే పేర వ్యవసాయకూలీలను అమెరికా తోటలకు తరలించారు. ఆ కాలంలో రాసుకున్న కూలి ఒప్పందాలు సుమారు 45 లక్షలు. కాగితాలు లేకుండా పోయినవారు వేరే. ట్రంబో తిరిగి అమెరికా వెళ్ళిన 1954లోనే, జూన్ నెలనుంచి, కాగితాలు లేని మెక్సికన్లను వలవేసి పట్టి లారీల్లోనూ, రైళ్ళలోనూ, ఓడల్లోనూ వెనక్కు తోలారు. ఒకే సరిహద్దు, ఒకే కాలం. ఒకరికి అది ఊపిరి పీల్చుకునే తావు; మరొకరికి కూలి దొరికే దారి, దెబ్బలు తినే చోటు.

ఈ రెండు ప్రవాహాలూ ఒకచోట కలిసినట్లు మనకొక ఉదాహరణ వున్నది. నిషేధానికి గురైన హెర్బర్ట్ బైబర్‌మన్, మైకేల్ విల్సన్, పాల్ జారికో కలిసి న్యూ మెక్సికో రాష్ట్రంలోని మెక్సికన్ జాతి గనికార్మికుల నిజమైన సమ్మెను ఆధారం చేసుకుని ‘సాల్ట్ ఆఫ్ ది ఎర్త్’ అనే చిత్రం తీశారు. అది 1954లో విడుదలయింది. కార్మికులే అందులో నటించారు. కథానాయిక రోసావురా రెవుఏల్తాస్ మెక్సికో నటి. 1953లో చిత్రం పూర్తికాకముందే ఆమెను అమెరికన్ అధికారులు అరెస్టుచేస్తే దేశం విడిచిపోవలసివచ్చింది. మిగిలిన ఆమె దృశ్యాలు మెక్సికోలో తీయవలసివచ్చింది. రచయిత నిషేధమూ, కూలీ బహిష్కారమూ ఒకే చేతి పనులని ఆ చిత్రం తీసినవారు అనుభవంతో గ్రహించారు.

మెక్సికోలో వున్నవారిలో ఈ గ్రహింపు ఎంతమందికి కలిగింది? ట్రంబోకు మెక్సికో ఒక కథనిచ్చింది. ఎద్దునూ, దాన్ని పెంచిన కుర్రవాణ్ణీ గురించి ఆయన రాసిన ‘ది బ్రేవ్ వన్’కు 1957లో ఆస్కార్ బహుమతి వస్తే, రాబర్ట్ రిచ్ అన్న మారుపేరువాడు దాన్ని అందుకోవడానికి రాలేదు. కాని హాలీవుడ్ చాటుబజారుకు దూరమై పని దొరకక, చౌకదేశంలో కూడా అప్పులపాలై, ఆయన రెండేళ్ళు దాటగానే వెనక్కు వెళ్ళాడు. 1960లో ‘స్పార్టకస్’, ‘ఎక్సోడస్’ చిత్రాలమీద తన సొంతపేరు వేయించుకుని నిషేధం నడుము విరిచాడు. ఆ విజయాన్ని తక్కువ చేయవలసిన పనిలేదు. అయితే అది అమెరికాలో గెలిచిన అమెరికన్ పోరాటం. మెక్సికో ఆయనకు మజిలీ.

దీనికి భిన్నమైన దారి ఎలిజబెత్ కాట్లెట్‌ది. ఈ నీగ్రో శిల్పి బానిసల మనుమరాలు. 1946లో మెక్సికో వచ్చి, 1937లో స్థాపితమైన ప్రజా ముద్రణకళాశాలలో చేరింది. పోస్టర్లూ, కరపత్రాలూ, చెక్కమీదా లినోలియం మీదా చెక్కిన బొమ్మలూ సంఘాలకూ, బడులకూ అందించే కార్ఖానా అది. అమెరికా దక్షిణాదిన పాలికి దున్నే నీగ్రో స్త్రీ ముఖాన్ని 1952లో ఆమె అక్కడినుంచే లోకానికి చూపింది. సహచిత్రకారుడు ఫ్రాన్సిస్కో మోరాను వివాహమాడింది. 1950ల చివర రైల్వే కార్మికుల ఆందోళన సమయంలో ఆమెను కూడా అరెస్టుచేశారు. 1962లో మెక్సికన్ పౌరసత్వం తీసుకుంటే అమెరికా ఆమెను అవాంఛనీయ విదేశీయురాలన్నది. 1971 దాకా పుట్టినగడ్డమీద అడుగుపెట్టనివ్వలేదు. ఆమె 2012లో మెక్సికోలోనే కన్నుమూసింది.

ప్రాణభయమూ, పిల్లల భారమూ, 33వ అధికరణమూ వుండగా అందరూ కాట్లెట్‌లు కాగలరా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని ఆ అధికరణం 1962 దాకా ఆమెకూ వర్తించింది. అందరూ జైళ్ళకు పోనవసరం లేదు. తాము తింటున్న చౌకరొట్టె చరిత్రను తెలుసుకోవడం, స్థానికుల సంస్థల్లో తమకు చేతనైన పని చేయడం సాధ్యమేనని ఆమె జీవితం రుజువుచేస్తున్నది. ప్రవాసిని కొలవవలసిన కొలబద్ద వెళ్ళాడా, నిలిచాడా అన్నది కాదు. వెళ్ళినచోట ఎవరి పక్కన నిలిచాడన్నది.

ఇది పాతకథ అనుకోవడానికి వీలులేదు. 2020 తర్వాత ఇంటినుంచే కంప్యూటర్ పని చేసుకునే ఉద్యోగులు అమెరికానుంచి మళ్ళీ మెక్సికో నగరానికి వచ్చారు. వీరిని ఏ విచారణసంఘమూ తరమలేదు. తమ నగరాల అద్దెలు తరిమినవి. డాలర్లలో జీతం, పేసోలలో ఖర్చు. 2022 అక్టోబరులో నగరప్రభుత్వం వీరిని ఆకర్షించడానికి ఎయిర్‌బీఎన్‌బీ కంపెనీతో ఒప్పందం కూడా చేసుకున్నది. అద్దెలు పెరిగి పాతకాపులు పేటలు వదిలిపోవలసివచ్చింది. 2025 జులై 4న కొండేసా, రోమా పేటల్లో జనం ఊరేగింపు తీశారు. కొందరు దుకాణాల అద్దాలు పగలగొట్టారు, విదేశీయులు పొమ్మని అరిచారు. ఆ కోపానికి కారణమున్నది. కాని దాని గురి తప్పింది. అమెరికా అద్దె భరించలేక వచ్చినవాడినీ, మెక్సికోలో అద్దె భరించలేక శివార్లకు పోయినవాడినీ కదిలించింది ఇంటిని సరుకుగా మార్చిన పెట్టుబడే. ఆ ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటున్నంతకాలం ఇంటి యజమానికి నిశ్చింత.

దూరదేశం వెళ్ళదలచిన విద్యార్థిని నేను వారించను. ఆకలీ, భయమూ మనిషిని కదిలిస్తవి. కదిలే హక్కు మనిషికున్నది. అక్కడ ఖర్చు తక్కువ, బ్రతుకు క్షేమం అని విన్నప్పుడు, ఆ తక్కువ ఎవరి కూలిలోంచి వచ్చిందో, ఆ క్షేమం ఏ ప్రజలు పోరాడి తెచ్చుకున్నదో, అందులో ఆ ప్రజలకు వాటా మిగిలిందో లేదో విచారించమని మాత్రం చెబుతాను. మన తరగతి గదుల్లో వలసల చరిత్ర బోధించే ఉపాధ్యాయులు కూడా, వెళ్ళినవారి జీవితకథలతో పాటు వారు చేరినచోటి కూలిరేట్లనూ, సమ్మెలనూ పాఠంలో చేర్చవలసివున్నది.