రాలే కణం – పోరాడే కణం: కణమరణ, సహజ రోగనిరోధక పరిశోధనల చరిత్ర

వ్యాససంగ్రహం:
కణమరణం, రోగనిరోధక సంకేతాలు, సూక్ష్మజీవనాశక పెప్టైడ్‌లు అనేవి జీవశాస్త్రంలో చాలాకాలం వేరువేరు పాయలుగా సాగిన పరిశోధనా రంగాలు. 20వ శతాబ్ది చివరి దశకంలో ఇవి ఒకదానితో ఒకటి కలవడం మొదలైంది. ఈ కలయిక ఎలా జరిగిందో, అందులో హైదరాబాద్ పరిశోధనకు, తెలుగునేలపై చదివిన శాస్త్రజ్ఞులకు ఉన్న స్థానం ఏమిటో, శాస్త్రజ్ఞులు ఎంచుకున్న పేర్లు వారి ఆలోచనను ఎలా నడిపించాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముఖ్యపదాలు: కణమరణం, అపోప్టోసిస్, పైరోప్టోసిస్, సూక్ష్మజీవనాశక పెప్టైడ్‌లు, టోల్ జన్యువు, సెమినల్‌ప్లాస్మిన్, పారిభాషిక పదాలు.

1. ఉపోద్ఘాతం:
ఆరోగ్యంగా ఉన్న మనిషి శరీరంలో ప్రతిరోజూ కోట్లాది కణాలు చనిపోతుంటాయి. అయినా మనిషికి ఆ సంగతి తెలియదు. అదే శరీరంలో ఒక గాయం చీము పట్టినప్పుడు చనిపోయే కణాలు నొప్పి, వాపు, జ్వరం రూపంలో తమ ఉనికిని చాటుతాయి. రెండూ మరణాలే. ఒకటి నిశ్శబ్దంగా, మరొకటి అలజడితో ఎందుకు జరుగుతున్నాయన్న ప్రశ్నకు సమాధానం దొరకడానికి శతాబ్దానికి పైగా పట్టింది. కణం చావడమంటే అది శత్రువు చేతిలో ఓడిపోవడమేనన్న భావన బలంగా ఉన్నంతకాలం, చావు కూడా కణం చేసే ఒక పని కావచ్చునన్న ఊహకు చోటు దొరకలేదు.

2. తొలి పరిశీలనలు:
1842లో కార్ల్ వోగ్ట్ కప్పజాతి జీవి ఎదుగుదలను పరిశీలిస్తూ, కొన్ని కణాలు సహజంగానే నశించి కొత్తవాటికి చోటిస్తాయని గుర్తించాడు. ఆ పరిశీలన చాలాకాలం ఒంటరిగానే మిగిలిపోయింది. 1882లో ఇటలీలోని మెస్సీనాలో ఇల్యా మెచ్నికోవ్ నక్షత్రచేప డింభకంలో ముల్లు గుచ్చి చూశాడు. సంచరించే కణాలు ఆ ముల్లు చుట్టూ మూగాయి. శరీరరక్షణ కణాల పనేనన్న వాదానికి అది పునాది. 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ముక్కు స్రావంలో, కన్నీటిలో బాక్టీరియాను కరిగించే లైసోజైమ్ అనే ప్రోటీన్‌ను ప్రకటించాడు. శరీరం తన ఆయుధాలను తానే తయారుచేసుకుంటుందని ఇది చూపింది. అయితే ఆ తరువాత వచ్చిన పెన్సిలిన్ ప్రభ ముందు ఈ దారి మసకబారింది.

3. పట్టుపురుగు నేర్పిన రెండు పాఠాలు:
ఈ చరిత్రలో రెండు ముఖ్యమైన మలుపులూ పట్టుపురుగు దగ్గరే వచ్చాయి. 1964లో రిచర్డ్ లాక్షిన్, కారోల్ విలియమ్స్ పట్టుచిలుక రూపవిక్రియ పూర్తయ్యాక దాని పొట్టభాగపు కండరాలు నిర్ణీత క్రమంలో నశించడాన్ని వివరించారు. అందుకు వారు 'నిర్దేశిత కణమరణం' అనే అర్థమిచ్చే పేరు వాడారు. కణం చావుకు ఒక ప్రణాళిక ఉందన్న మాట శాస్త్రంలోకి అలా ప్రవేశించింది.

రెండవ పాఠం స్వీడన్‌లో దొరికింది. హాన్స్ బోమన్ బృందం సిక్రోపియా అనే పెద్ద పట్టుచిలుక ప్యూపాలలోకి బాక్టీరియాను ఎక్కించింది. తెలుగువారికి తెలిసిన దసలి పట్టునిచ్చే పురుగూ ఈ చిలుక కుటుంబానిదే. కీటకాలకు మనవంటి ప్రతిరక్షకాలు లేవు. అయినా ఆ ప్యూపాలు తట్టుకున్నాయి. వాటి శరీరద్రవం నుండి వేరుచేసిన చిన్న పెప్టైడ్‌లకు సిక్రోపిన్‌లు అని పేరు పెట్టి, వాటి నిర్మాణాన్ని 1981లో ప్రకటించారు. 1985లో మనిషి తెల్లరక్తకణాలలో డిఫెన్సిన్‌లు, 1987లో మైఖేల్ జాస్లోఫ్ చేతిలో కప్పచర్మం నుండి మగైనిన్‌లు వెలుగుచూశాయి. శస్త్రచికిత్స చేసి మురికినీటి తొట్టిలో వదిలిన కప్పల గాయాలు చీము పట్టకుండా మానడం జాస్లోఫ్‌ను ఆలోచింపజేసింది.

ఈ పెప్టైడ్‌లలో ఎక్కువ భాగం ధనావేశం కలవి. బాక్టీరియా కణపొర వెలుపలి తలం ఋణావేశం కలది. జంతుకణాల పొర వెలుపలి తలం దాదాపు తటస్థంగా ఉంటుంది, పైగా అందులో కొలెస్ట్రాల్ ఉంటుంది. అందువల్ల పెప్టైడ్ బాక్టీరియాను వెతికి పట్టుకుని దాని పొరను చెదరగొడుతుంది. ఈ ఎంపిక పూర్తిగా కచ్చితమైనది కాదు. ఔషధ నిర్మాణంలో ఎదురైన చిక్కులకు మూలాల్లో ఇదొకటి.

4. హైదరాబాద్ అధ్యాయం:
పై వరుసను చెప్పేటప్పుడు సాధారణంగా విడిచిపెట్టే ఒక ఘట్టం ఉంది. సిక్రోపిన్‌ల నిర్మాణం వెలువడడానికి రెండేళ్ళ ముందే, 1979లో, హైదరాబాద్ నుండి ఇ.ఎస్.పి. రెడ్డి, పి.ఎం. భార్గవ ఎద్దు వీర్యద్రవం నుండి వేరుచేసిన సెమినల్‌ప్లాస్మిన్ అనే సూక్ష్మజీవనాశక ప్రోటీన్‌ను 'నేచర్' పత్రికలో ప్రకటించారు. అది ఇ. కోలై బాక్టీరియాలో రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ తయారీని అడ్డుకుంటుందని వారు వివరించారు. భార్గవ 1977లో ఏర్పడిన కణ, అణు జీవశాస్త్ర కేంద్రానికి వ్యవస్థాపకుడు.

అదే సంస్థలో ఆర్. నాగరాజ్ ఈ ప్రశ్నను పొరల భౌతికరసాయన శాస్త్రం వైపు మళ్ళించారు. ఎన్. సీతారామ్‌తో కలిసి 1990లో ప్రకటించిన పనిలో, సెమినల్‌ప్లాస్మిన్‌లోని 13 అమైనో ఆమ్లాల ముక్కను కృత్రిమంగా తయారుచేసి పరీక్షించారు. అది సూక్ష్మజీవులను చంపింది, ఎర్రరక్తకణాలను కూడా చీల్చింది. ఆయుధం శత్రువునూ సొంతవారినీ వేరుచేసి చూడగలగడం దేనిపై ఆధారపడుతుందన్న ప్రశ్న ఇక్కడ సూటిగా ఎదురైంది. ఈ రంగంలో కృషికి నాగరాజ్‌కు 1994లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం లభించింది. అంతర్జాతీయ చరిత్రలు బోమన్, జాస్లోఫ్‌ల దగ్గర మొదలై అక్కడే ఆగిపోవడం అసంపూర్ణ చిత్రాన్ని ఇస్తుంది.

5. 'ఆకు రాలడం' అనే పేరు:
ఆస్ట్రేలియాకు చెందిన జాన్ కెర్ ఎలుక కాలేయంలో ఒక వింత మరణాన్ని గమనించాడు. కణం ఉబ్బి పగలడం లేదు. ముడుచుకుని, చిన్న తునకలై, పొరుగు కణాల చేత మింగబడుతోంది. 1972లో ఆయన ఆబర్డీన్‌కు చెందిన ఆండ్రూ వైలీ, ఆలిస్టెయిర్ కరీలతో కలిసి దానికి 'అపోప్టోసిస్' అని పేరు పెట్టాడు. ఆ పదాన్ని సూచించినవాడు అక్కడి గ్రీకు భాషా ఆచార్యుడు జేమ్స్ కార్మాక్. చెట్టు నుండి ఆకులు, పువ్వు నుండి రేకులు రాలడం అని దాని అర్థం.

భాషాధ్యయనపరులు గమనించవలసిన విషయం ఇది. కెర్ అంతకుముందు వాడిన పేరు ముడుచుకుపోయే కణనాశనం అనే వర్ణన మాత్రమే. 'రాలడం' అన్న పేరు ఆ మరణాన్ని చెట్టు బతుకులో భాగంగా చూపింది. ఆకు రాలడం చెట్టు ఓటమి కాదు. తెలుగులో దీనికి విస్తృతంగా వినిపించే 'కణం ఆత్మహత్య' అన్న ప్రయోగం ఆ అర్థాన్ని మరుగుపరచి, నిరాశనూ దోషాన్నీ ధ్వనింపజేస్తుంది. శిశిరాన్ని 'ఆకురాలు కాలం' అని పిలుచుకునే భాషకు 'కణం రాలడం' అన్న మాట పరాయిది కాదు.

6. టోల్ కథ:
1985లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో క్రిస్టియాన్ న్యూస్లైన్-ఫోల్హార్డ్ బృందం పండ్ల ఈగ పిండంలో వీపు–పొట్ట దిశలను నిర్ణయించే 'టోల్' జన్యువును వివరించింది. రోగనిరోధకతతో దానికి సంబంధం ఉందని అప్పుడెవరూ భావించలేదు. 1989లో చార్లెస్ జేన్వే సూక్ష్మజీవులకే ప్రత్యేకమైన గుర్తులను పసిగట్టే గ్రాహకాలు శరీరంలో ఉండితీరాలని సైద్ధాంతికంగా ప్రతిపాదించాడు. 1996లో స్ట్రాస్‌బర్గ్‌లో బ్రూనో లెమైత్ర్, జూల్ హాఫ్‌మన్ బృందం టోల్ దెబ్బతిన్న ఈగలు ఫంగస్ సోకి చనిపోతాయని చూపింది. ఫంగస్‌ను చంపే డ్రోసోమైసిన్ అనే పెప్టైడ్ తయారీకి ఆదేశమిచ్చేది ఆ మార్గమే. మరుసటి ఏడాది రుస్లాన్ మెద్జితోవ్, జేన్వే మానవ టోల్‌ను కనుగొన్నారు. 1998లో బ్రూస్ బోయిట్లర్ బృందం బాక్టీరియా విషానికి స్పందించని ఎలుకలలో లోపం టీఎల్‌ఆర్4 జన్యువులోనే ఉందని నిరూపించింది. 2011 నోబెల్ పురస్కారంలో హాఫ్‌మన్, బోయిట్లర్ భాగస్వాములయ్యారు.

7. పాయల కలయిక:
సి. ఎలిగాన్స్ అనే సూక్ష్మమైన నూలుపురుగులో ఏర్పడే 1090 శరీరకణాలలో 131 నిర్ణీతంగా చనిపోతాయి. ఆ మరణాన్ని శాసించే సెడ్-3 జన్యువుపై రాబర్ట్ హోర్విట్జ్ ప్రయోగశాల 1993లో ఒక ఊహించని పోలికను ప్రకటించింది. ఆ జన్యువు ఇచ్చే ప్రోటీన్ మనిషిలో జ్వరకారక సంకేతమైన ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను సిద్ధంచేసే ఎంజైమును పోలి ఉంది. చావును శాసించే జన్యువూ, వాపును రేపే ఎంజైమూ బంధువులని తేలడం ఈ చరిత్రలో కీలకఘట్టం. ఆ కుటుంబమే తరువాత కాస్పేస్‌లుగా పేరుపొందింది.

షిగెల్లా బాక్టీరియా సోకిన భక్షకకణాలు చనిపోవడాన్ని 1992లో అపోప్టోసిస్‌గా భావించారు. ఇటువంటి మరణం మంటలాంటిదని, నిశ్శబ్దమైనది కాదని గుర్తించిన బ్రాడ్ కుక్సన్, మోలీ బ్రెన్నన్ 2001లో దానికి అగ్ని, రాలడం అనే గ్రీకు పదాలను కలిపి 'పైరోప్టోసిస్' అని పేరు పెట్టారు. 2002లో యూర్గ్ షోప్ బృందం కాస్పేస్-1ను మేల్కొలిపే ప్రోటీన్ సముదాయాన్ని 'ఇన్‌ఫ్లమసోమ్' అంది. 2015లో గాస్డెర్మిన్-డి అనే ప్రోటీన్ కాస్పేస్‌ల చేత తెగి ఈ మరణాన్ని కలిగిస్తుందని రెండు బృందాలు వేర్వేరుగా చూపాయి. తెగిన ముక్క కణపొరలో రంధ్రాలు చేస్తుందని 2016లో స్పష్టమైంది. అదే ముక్క ప్రయోగశాలలో బాక్టీరియాను నేరుగా చంపగలదని కూడా తేలింది. పట్టుపురుగు పెప్టైడ్ శత్రువు పొరపై చేసే పనిని, ఇక్కడ కణం తన పొరపైనే చేసుకుంటోంది. మూడు పాయలు కలిసిన చోటు ఇదే.

8. కొత్తగూడెం నుండి మెంఫిస్ దాకా:
ఈ కలయికను ముందుకు నడిపినవారిలో కన్నెగంటి తిరుమలాదేవి ఒకరు. కొత్తగూడెంలో పుట్టి, కాకతీయ విశ్వవిద్యాలయం నుండి పట్టభద్రురాలై, ఉస్మానియాలో స్నాతకోత్తర విద్య, పీహెచ్‌డీ పూర్తిచేశారు. తొలి పరిశోధనలు మొక్కల తెగుళ్ళకు, శిలీంధ్రాలకు సంబంధించినవి. తెగులు సోకిన చోట ఆకుకణాలు తామే చనిపోయి వ్యాధిని అడ్డుకోవడం మొక్కల శాస్త్రంలో తెలిసిన సంగతే. ఆ నేపథ్యం నుండి మిషిగన్‌లో ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 ఇన్‌ఫ్లమసోమ్ పరిశోధనకు, అటుపై మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రి ప్రయోగశాలకు మారారు. పైరోప్టోసిస్, అపోప్టోసిస్, నెక్రోప్టోసిస్ మార్గాలు ఒకే సముదాయం చేతిలో కలిసి నడవవచ్చునన్న 'పాన్‌ఆప్టోసిస్' భావనను ఆమె బృందం 2019లో ముందుంచింది. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ఫెరాన్-గామా అనే రెండు సంకేతాలు కలిసినప్పుడు ఇటువంటి మరణం చెలరేగుతుందని, రెంటినీ అడ్డుకుంటే కోవిడ్ వైరస్ సోకిన ఎలుకల మరణాలు తగ్గుతాయని తరువాతి పనిలో చూపింది.

9. ఔషధ ఆశలు, హద్దులు:
మగైనిన్ ఆధారంగా రూపొందిన పెక్సిగనాన్‌ను మధుమేహుల పాదాల పుండ్లకు మందుగా ప్రతిపాదించగా, 1999లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి నిరాకరించింది. ఇటువంటి పెప్టైడ్‌లకు బాక్టీరియా లొంగక తప్పదన్న నమ్మకాన్ని గ్రాహం బెల్ ప్రశ్నించాడు. జాస్లోఫ్ కూడా భాగస్వామిగా చేసిన ప్రయోగ ఫలితం 2006లో వెలువడింది. అనేక తరాలపాటు పెక్సిగనాన్‌కు గురైన బాక్టీరియా వంశాలలో అత్యధికం దాన్ని తట్టుకోవడం నేర్చుకున్నాయి. తన అంచనాకు విరుద్ధమైన ఫలితంపై తన పేరునూ ఉంచడం జాస్లోఫ్ నిజాయితీకి నిదర్శనం. మన శరీరంలోనూ ఉండే ఆయుధాలను పోలిన మందులను విచ్చలవిడిగా వాడితే, బాక్టీరియా శరీరపు సొంత రక్షణనే దాటగలదేమోనన్న హెచ్చరిక ఇందులో ఉంది.

10. ముగింపు:
- కణమరణం ఓటమి కాదని, శరీరం వినియోగించుకునే ఒక క్రియ అని తేలడానికి పట్టుపురుగు, నూలుపురుగు, పండ్ల ఈగ వంటి అల్పజీవులు ఆధారమయ్యాయి.
- సూక్ష్మజీవనాశక పెప్టైడ్, గాస్డెర్మిన్ రెండూ పొరను ఛేదించేవే. రక్షణకూ విధ్వంసానికీ మధ్య తేడా ఎవరి పొర, ఎంత మేరకు అన్నదానిలో ఉంది. ఆ మేర దాటినప్పుడే సెప్సిస్ వంటి ప్రాణాంతక స్థితులు ఏర్పడతాయి.
- 1979 నాటి సెమినల్‌ప్లాస్మిన్ పరిశోధనకు ఈ చరిత్రలో తగిన స్థానం దక్కవలసి ఉంది.
- పేరు కేవలం గుర్తు కాదు. షిగెల్లా విషయంలో సరైన పేరు లేనందువల్ల ఒక మరణం మరొకదానిగా దాదాపు పదేళ్ళు లెక్కకు వచ్చింది. తెలుగులో పారిభాషిక పదాలను కూర్చేవారు 'కణ ఆత్మహత్య' వంటి ప్రయోగాలను పునఃపరిశీలించి, మూలభావానికి దగ్గరైన దేశిపదాలను స్వీకరించడం అవసరం. అనువాదంలో దొర్లిన పొరపాటు విద్యార్థి అవగాహనలో పొరపాటుగా స్థిరపడుతుంది.