ఆ చదువు ఎవరికి లాభం?

గుడియాత్తంలో పనిచేసిన రోజుల్లో మగ్గం అప్పు కోసం ఒక లుంగీల నేతగాడు మా బ్యాంకుకు వచ్చాడు. సంతకాలు పెట్టి, వెళ్ళబోతూ ఆగి, "సార్, మా పాప ఎమ్మెస్సీ ముగించింది. ఇంకా పిహెచ్.డి. చేస్తానంటోంది. అయిదేళ్ళు పడుతుందట. ఆ చదువు ఎవరికి సార్ లాభం?" అని అడిగాడు. బి.కాం. చదివి, జమాఖర్చుల మధ్యే తల నెరిసిన నాకు జవాబు తోచలేదు. "చదవనీవయ్యా" అని పంపించేశాను. ప్రశ్న నా దగ్గరే ఉండిపోయింది.

తర్వాత తీరిక దొరికినప్పుడల్లా దాని గురించి చదివాను. మన తెలుగువాడు బి. సుబ్బారావు పూనా దక్కన్ కళాశాలలో, బళ్ళారి జిల్లా రాతియుగ సంస్కృతులపై చేసిన పరిశోధన 1948లో అచ్చయింది. మట్టిని పొరలు పొరలుగా తీసి, ఏ పనిముట్టు ముందుదో, ఏది తర్వాతిదో తేల్చిన పని అది. 1964-65లో, మళ్ళీ 1967-68లో కేంద్ర పురావస్తు శాఖవారు మన తిరుపత్తూరు దగ్గరి పయ్యంపల్లిలో తవ్వితే, నూరిన రాతిగొడ్డళ్ళు, మాడిన ఉలవలు, పెసలు బయటపడ్డాయి. పై పొరలో ఇనుము కరిగించిన జాడలు కనిపించాయి. మన ఉలవచారు వంశం మూడువేల ఏళ్ళకు పైబడినదన్నమాట! ఆ కొలిమివాడికి పెట్టుబడి ఎవరిచ్చారోనని బ్యాంకువాణ్ణి కనుక నాకు అనిపిస్తుంది.

ఇక వైద్యం. వెల్లూరులో ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాలే నేటి సి.ఎం.సి. అక్కడ గగన్‌దీప్ కాంగ్ 1998లో పిహెచ్.డి. పట్టా పొందారు. ఆ తర్వాత ఆమె బృందం వెల్లూరు పేటల్లో 373 మంది పిల్లలను పుట్టినప్పటినుంచి మూడేళ్ళపాటు, ఇంటింటికీ తిరిగి గమనించింది. రోటావైరస్ విరేచనాలు ఒకసారి వచ్చిపోయినా బిడ్డకు పూర్తి రక్ష దొరకదని ఆ ఓపిక వల్ల తెలిసింది.

పరిశ్రమ సంగతీ చూద్దాం. కృష్ణా ఎల్లా తిరుత్తణి ప్రాంతపు రైతుబిడ్డ. 1960 దాకా చిత్తూరు జిల్లాలో ఉన్న తాలూకా అది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పిహెచ్.డి. చేసి, తిరిగివచ్చి 1996లో హైదరాబాదులో భారత్ బయోటెక్ స్థాపించారు. ఢిల్లీ వైద్యులు నవజాత శిశువుల్లో గుర్తించిన ఒక వైరస్ రకంతో అక్కడ టీకా తయారైంది. ఢిల్లీ, పూనా, వెల్లూరులలో 6,799 మంది పసివాళ్ళపై పరీక్షించారు. మొదటి ఏడాదిలో తీవ్రమైన రోటావైరస్ విరేచనాలు సగానికి పైగా తగ్గాయని 2014లో ఫలితాలు వెలువడ్డాయి. 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాలలో ప్రభుత్వం ఉచితంగా వేయడం మొదలుపెట్టింది. మరుసటి ఏడు తమిళనాడుకూ రోటావైరస్ టీకా వచ్చింది.

మా అమ్మ తొలిచూలు బిడ్డ పదో నెలలో వాంతులూ విరేచనాలతో ఒక్క రాత్రిలో పోయాడు. ఏ రోగమో ఎవరూ చెప్పలేదు. మొన్న మా మనవరాలికి నోట్లో అయిదు చుక్కలు వేయించి తెచ్చినప్పుడు, అమ్మ చాలాసేపు ఆ పిల్ల పెదవులు తుడుస్తూ కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు.

ఆ నేతగాడు మళ్ళీ ఎదురైతే అతని భాషలోనే చెబుతాను: పడుగు ఒకరు పోస్తారు, పేక మరొకరు వేస్తారు, బట్ట ఇంకెవరో కట్టుకుంటారు. మీ పాపను చదివించు నాయనా.